అద్దె గదియు అడుగరాని ప్రశ్నయు

హైదరాబాదులో మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, మణికొండ ప్రాంతముల సందులలో నడచువారికి ఇంటి గేట్లకు వ్రేలాడు అట్టముక్కలు కనబడును. వానిపై పెద్ద యక్షరములతో "టులెట్" అని యుండును. దాని క్రింద మఱియొక పంక్తి యుండును. కొన్నింట "ఫ్యామిలీలకు మాత్రమే" అనియు, కొన్నింట "శాకాహారులకు మాత్రమే" అనియు, కొన్నింట "బ్యాచిలర్లకు ఇవ్వబడదు" అనియు వ్రాసియుందురు. వ్రాయని పంక్తి యింకొకటి కలదు. అది అట్టముక్కపై కనబడదు, ఫోనులో వినబడును. "మీరేమిట్లండీ?" అని యా పంక్తి. దీనికి గోత్రప్రవరలు చెప్పి బదులీయనక్కఱ లేదు. ఇంటిపేరు చెప్పిన చాలును. పుట్టిన పేట పేరు చెప్పినను చాలును. ఆవలి వ్యక్తి క్షణకాలము మౌనముగా నుండి "మావాళ్లతో మాటాడి చెప్పెదమండి" అనును. ఆ చెప్పుట యెన్నడును జరుగదు. అట్ట మాత్రము మఱి పదిదినములు గేటునకు వ్రేలాడుచునే యుండును.

ఈ వ్రాయని పంక్తిని గూర్చియే మేమిపుడు వ్రాయుచున్నాము. మేము చెప్పదలచినది యొక్కటే. పరదేశమునకు పోయి, కులము చెప్పకయే యొక చిన్నగది సంపాదించుకొని, ఆ గదిలో నుండి కూడబెట్టిన ధనముతో ఈ నగరమున ఫ్లాట్లు కొన్నవారు, ఆ ఫ్లాట్లను అద్దెకిచ్చునపుడు కులమడుగుటకు అర్హులు కారు. వారు తమంతట తామే యీ ప్రశ్నను మానుకొందురని నమ్ముటకు మాకు కారణము కనబడుట లేదు. కావున దీనిని మాన్పించు శాసనము కావలయును.

పాతయూళ్లలో ఈ యనాచారమునకు ఒక సాకు కలదు. "వీథులు మా తాతలు వేసినవి, మేము మార్పజాలము" అని యచటి పెద్దలందురు. చెల్లని సాకే యైనను అది యొక సాకు. సైబరాబాదున దానికిని తావు లేదు. నేడు అద్దాలమేడలు నిలిచిన చోట నలువదియేండ్ల క్రిందట చాలవఱకు బండఱాళ్లు, పొలములు, చెఱువులు. 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము గచ్చిబౌలికి తరలినపుడు ఆ తావు నగరమునకు వెలుపలనే యుండెను. 1998 నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించెను. 2003లో ఈ ప్రాంతమునకు సైబరాబాదు పేర ప్రత్యేక పోలీసు కమిషనరేటు ఏర్పడెను. 2019 మార్చిలో మెట్రోరైలు హైటెక్ సిటీకిని, ఆ సంవత్సరమే నవంబరులో రాయదుర్గమునకును వచ్చెను. 2020లో దుర్గంచెఱువుపై తీగలవంతెన తెఱచిరి. ఇది యంతయు మన కన్నులయెదుట జరిగినది. ఇచట పదునాల్గవ అంతస్తును వేసిన తాత యెవ్వడును లేడు. ఆ యంతస్తునకు అగ్రహారమును, వాడను మోసికొని వచ్చినవారము మనమే. పాతజబ్బును వారసత్వముగా పొందుట వేఱు. క్రొత్తయింటికి దానిని మూటగట్టి తెచ్చుట వేఱు.

ఈ ప్రాంతమునకు వచ్చువారిలో మా వంటి యుపాధ్యాయులు చదువు చెప్పి పంపిన పిల్లలు వేలకొలది కలరు. శ్రీకాకుళమునుండియో, కర్నూలునుండియో, ఖమ్మమునుండియో, ఆదిలాబాదునుండియో రాత్రిబస్సెక్కి తెల్లవాఱుజామున మియాపూరులో దిగు పిల్లవానికి ఇది పరదేశమే. వాని మొదటి నివాసము హాస్టలు. గదికి ముగ్గురో నలుగురో యుందురు. మంచమునకును మంచమునకును నడుమ మోకాలు పట్టునంత చోటు. ఇనుపబీరువాలో ఒక యర. గోడకు ప్లగ్గు ఒక్కటి, ఛార్జర్లు నాలుగు. ఇంటికి ఒక్కటే గది యున్నచో అది 9.5 చదరపు మీటర్లకు తగ్గరాదని జాతీయ భవననియమావళి చెప్పుచున్నది. ఇంచుమించు అంతయే కొలతగల గదిలో మూడు మంచములు వేసియుండుట మేము చూచియున్నాము.

అయినను ఇరుకును గూర్చి మాకు కోపము లేదు. యౌవనమున చిన్నగది యవమానము కాదు. మా కోపమంతయు ఆ గదిలో నుండుట కేమాత్రమును హక్కు లేకపోవుటను గూర్చి. 2020 మార్చి 25వ తేదీన ఇది లోకమునకు వెల్లడియైనది. లాక్‌డౌన్ విధింపబడిన తోడనే నగరమున అనేక హాస్టళ్ల యజమానులు పిల్లలను గదులు ఖాళీచేయుమనిరి. వేలకొలది యువతీయువకులు సంచులు పట్టుకొని, ఊరికి పోవుటకు అనుమతిపత్రములకై పోలీసు ఠాణాల యెదుట నిలిచిరి. పత్రములు దొరకినవారిలో అనేకులను ఆంధ్రప్రదేశ్ సరిహద్దున గరికపాడు చెక్‌పోస్టువద్ద నిలిపివేసిరి. వెనుకకు పోయిన గది లేదు. ముందునకు పోయిన దారి లేదు. తరువాత ప్రభుత్వము హాస్టళ్లను ఖాళీచేయింపరాదని ఆజ్ఞాపించెను. ఆజ్ఞ వచ్చువఱకు ఆ పిల్లలకు హాస్టలులో నున్నది మంచమే గాని నివాసము కాదని తేలినది.

కావున ఉద్యోగము స్థిరపడిన పిదప ఇద్దఱుముగ్గురు స్నేహితులు కలసి చిన్న ఫ్లాటు నొకదానిని వెదకుకొందురు. ఆ వెదకుటలోనే గేటునకు వ్రేలాడు అట్టముక్కయు, ఫోనులో ప్రశ్నయు ఎదురగును. మా శిష్యు డొకడు, కార్యాలయమున తన పనికి మెచ్చుకోలు పొందుచున్నవాడు, ఒక్క ఆదివారమున నాలుగిండ్లు చూచెను. మూడింట ఫ్లాటు నచ్చినదనిరి, అద్దె కుదిరినదనిరి, ఆధారుకార్డు చూచిన పిదప "మాటాడి చెప్పెదము" అనిరి. నాలుగవ యింట కార్డు చూడకమునుపే యడిగిరి. వాడు తన కులము పేరు దాచక చెప్పెను. ఆ నాలుగిండ్లలో రెండింటి యజమానులు ఈ దేశమున లేరు, అమెరికాలో నున్నారు. బ్రోకరు వారిని ఫోనులో నడిగి, వారి సెలవును ఇతనికి మర్యాదగా తెలియజేసెను.

ఆ యజమానుల కథను మనమందఱము ఎఱుగుదుము. వారును ఒకనాడు ఇట్టి పిల్లలే. అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సు నేర్చి, 2000 సంవత్సరపు సంధికాలముననో ఆ పిమ్మటనో హెచ్-1బి వీసాపై సముద్రము దాటినవారు. తరువాతివారు ఎం.ఎస్. చదువునకు అప్పుచేసి పోయినవారు. 2010కిని 2017కిని నడుమ అమెరికాలో ఇంట తెలుగు మాటాడువారి సంఖ్య నూటికి 86 వంతులు పెరిగినదనియు, 2017 నాటికి నాలుగు లక్షలు దాటినదనియు ఆ దేశపు జనగణనశాఖ లెక్కలవలన తెలియుచున్నది. వీరిలో అనేకుల మొదటి నివాసము న్యూజెర్సీలోనో డాలసులోనో ఒక యపార్టుమెంటు. రెండుగదులలో ఆరుగురు. మంచములు లేవు, నేలపై పరుపులు. ఒక రైస్‌కుక్కరు, ఇంటినుండి తెచ్చిన ప్రెషర్‌కుక్కరు, గోంగూరపచ్చడి సీసా. పోపు వేసిన తోడనే పొగగంట మ్రోగగా, కిటికీ తెఱచి తువ్వాలతో విసరుట యొక దినచర్య. గడ్డకట్టు చలిలో బట్టల యంత్రమునకై నాణెములు లెక్కపెట్టుట మఱియొకటి. ఈ కష్టములను వారు నేటికిని సంతోషముగా చెప్పుకొందురు, చెప్పుకొనవలసినవే.

కాని యొక సంగతిని వారు చెప్పరు. ఆ గది వారి కెట్లు దొరకెను? ఇంటియాజమాన్యమువారు జీతపుకాగితమును అడిగిరి. అప్పులు తీర్చిన చరిత్రను అడిగిరి. అడ్వాన్సు అడిగిరి. పెంపుడుకుక్క కలదా యని యడిగిరి. కులమడుగలేదు. పెండ్లియైనదా లేదా యన్నదానిపై గది నిరాకరింపలేదు. న్యూజెర్సీ, కాలిఫోర్నియా రాష్ట్రములలో అట్లు నిరాకరించుట చట్టవిరుద్ధము. ఆదివారము చేప వండుదురా యని యడుగలేదు.

అడుగకపోవుట ఆ దేశీయుల సహజగుణమా? కాదు. ఆ దేశముకూడ మన వారిని గడపవద్ద నిలిపినదే. 1923లో భగత్ సింగ్ థిండ్ అను పంజాబుదేశీయుడు పౌరసత్వమునకై అచటి సుప్రీంకోర్టువఱకు పోయెను. అతని పక్షమున చేసిన వాదములలో ఒకటి, అతడు ఉన్నతకులజుడైన ఆర్యుడు గాన శ్వేతజాతివాడే యగునని. న్యాయస్థానము ఆ కులగౌరవమును పూచికపుల్లగా త్రోసివేసెను. భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు అంతటి శాస్త్రజ్ఞుడు బోస్టనులో తొలిదినములలో ఆసుపత్రియందు రాత్రికూలి చేసి పొట్టపోసికొనెను. ఆయన 1948లో చనిపోవువఱకు ఆ దేశమున పరదేశిగనే యుండెను. నల్లవారికి ఇల్లు అమ్మరాదని దస్తావేజులలోనే వ్రాసికొను నాచారము ఆ దేశమున చిరకాలము సాగెను. అట్టి షరతులను న్యాయస్థానములు అమలుపఱుపరాదని అచటి సుప్రీంకోర్టు 1948లో తీర్పు చెప్పెను. పిదప నల్లవారు వీథులలో నడచిరి, చెఱలకు పోయిరి, ప్రాణములు విడిచిరి. 1968 ఏప్రిలు 4వ తేదీన మార్టిన్ లూథర్ కింగ్ హత్య చేయబడెను. ఆ నెల 11వ తేదీన గృహవసతి చట్టముపై అధ్యక్షుడు జాన్సన్ సంతకము చేసెను. జాతి, వర్ణము, మతము, పుట్టిన దేశము అను కారణములచే ఇల్లు అమ్మకుండుటయు అద్దెకీయకుండుటయు నాటినుండి నేరమువంటి దోషమైనది. 1974లో స్త్రీపురుషభేదమును, 1988లో అంగవైకల్యమును, పిల్లలుండుటయు అందు చేర్చిరి.

మన పిల్లవాడు విమానము దిగి, మఱునాడే యపార్టుమెంటు కార్యాలయమున సంతకము చేసి తాళము చేతబట్టుకొనుటకు వెనుక నింత చరిత్ర కలదు. ఆ తాళపుచెవిని వానికిచ్చినది వాని కులము కాదు. వాని తెలివియు మాత్రమే కాదు. పరులు నెత్తురోడ్చి సంపాదించిన హక్కు నీడలో వాడు పరుపు పఱచుకొనెను. ఆ నీడను అనుభవించినవాడు స్వదేశమున తన గడపవద్ద ఇంకొకనికి ఆ నీడ లేకుండ జేసిన, దానిని కృతఘ్నత యనక మఱేమందుము?

ఇదే కథ తలక్రిందుగా ఒకసారి జరిగినది. 1913నుండి న్యూయార్కులోను, పిదప లండనులోను చదివి, 1917లో ఒక యువకుడు బరోడా సంస్థానమున కొలువునకు వచ్చెను. ఆ పరదేశములలో గడపిన కాలమున తా నంటరానివాడనను స్పృహయే తనకు పోయినదని యాతడు పిమ్మట వ్రాసికొనెను. బరోడా స్టేషనులో దిగిన తోడనే "ఎచటికి పోవుదును?" అను ప్రశ్న పుట్టెను. హిందువుల హోటళ్లలో చోటు దొరకదు. ఒక పారశీకసత్రమున పారశీకనామము పెట్టుకొని మేడపైగదిలో నొంటరిగా తలదాచుకొనెను. పదునొకండవ దినమున కఱ్ఱలు పట్టుకొని పండ్రెండుగురు వచ్చి వెడలగొట్టిరి. నగరమంతటను మఱియొక గది దొరకక ఆయన బొంబాయికి తిరిగిపోయెను. ఆ యువకుడే డాక్టరు భీమరావు అంబేద్కరు. నూఱేండ్లు దాటినవి. అమెరికాలో నున్నంతకాలము గుర్తురాని కులము స్వదేశపు గడపవద్ద గుర్తుచేయబడుట మాత్రము మాఱలేదు. నాడు కఱ్ఱలు తెచ్చిరి. నేడు "మాటాడి చెప్పెదము" అనుచున్నారు. మర్యాద పెరిగినది, గది మాత్రము దొరకలేదు.

కులమొక్కటియే కాదు. పేరు వినిన తోడనే మతము తెలియు ముసల్మాను యువకునకు ప్రశ్నయే యవసరము లేదు. 1591లో ఈ నగరమును నిర్మించినవాడు మహమ్మదు కులీ కుతుబ్ షా. ఆయన నగరమున ఆయన మతస్థుడు పేరు చెప్పుటకు జంకుచు గది వెదకవలసియున్నది. ఒంటరిగా నుండు స్త్రీని "రాత్రి యెన్నిగంటలకు వత్తువమ్మా?" అని యడుగుదురు. అమెరికా పగటికి సరిపోవునట్లు ఇచట రాత్రులు పనిచేయించుకొను కార్యాలయములున్న తావున ఈ ప్రశ్న యెంత విడ్డూరమో చూడుడు. ఆమె రాత్రి పనిచేయుటవలన వచ్చు ఆదాయముననే ఈ ఫ్లాట్లకు ఇంత వెల. ఆమె జీతము కావలెను; ఆమె తిరిగివచ్చు వేళ మాత్రము పనికిరాదు!

ఇక ప్రతివాదులు చెప్పు మాటలను పరిశీలింతము.

"ఇల్లు నాది, ఎవరికిచ్చినను నా యిష్టము" అని మొదటివాదము. తాను వండుకొని తిని పండుకొను నింటిలో ఒకగది నిచ్చువానికి కొంత స్వేచ్ఛ యుండవచ్చును. మేము చెప్పిన అమెరికా చట్టముకూడ, యజమాని తాను నివసించుచున్న నాలుగువాటాలలోపు ఇంటికి కొంత మినహాయింపు నిచ్చినది. కాని ఏడుసముద్రముల ఆవల నుండి, సంవత్సరమున కొకసారియైనను గడప త్రొక్కక, బ్రోకరుచే బేరము నడపించు ఫ్లాటు ఇల్లా, సరకా? దానిని కొన్నది అద్దెకొఱకు, అమ్మునది లాభమునకు. ఆ యద్దెపై పన్ను లెక్కించునపుడు నూటికి 30 వంతులు మినహాయింపుగా ప్రభుత్వమునొద్ద గైకొనుచున్నారు. రోడ్డు, నీరు, దీపము, మెట్రో ప్రజలసొమ్ముతో వచ్చి ఆ ఫ్లాటు వెలను పెంచినవి. ప్రజలచే ఇన్ని గైకొని, ప్రజలలో సగముమందికి తలుపు మూయుట కేమి న్యాయము?

"మాంసపు వాసన సహింపజాలము" అని రెండవవాదము. ఇంగ్లండులో కెంటు మండలమున వందలకొలది యిండ్లుగల యజమాని యొకడు, భారతీయులకును పాకిస్థానీయులకును ఇల్లు ఇయ్యరాదని తన యేజెంట్లకు వ్రాసెను. కూరల వాసన గోడలకు పట్టునని అతడు చెప్పిన కారణము. 2017 నవంబరులో మెయిడ్‌స్టన్ న్యాయస్థానము అది చట్టవిరుద్ధమని తీర్పు చెప్పెను. ఆ వార్త చదివి మనవారందఱును జాత్యహంకారమని మండిపడిరి. సరియే. సాంబారు వాసనకు వెలివేసిన జాత్యహంకారమును, చేపలపులుసు వాసనకు వెలివేసిన సదాచారమును ఎట్లగును? శాకాహారము వ్రతముగా గలవారిని మేము గౌరవింతుము. వ్రతము తన విస్తరికి. పరుని పొయ్యికి కాదు. మఱియు మాంసము తిను నుత్తమర్ణుడు వచ్చి ఫ్లాటు కొనుచున్నపుడు ఈ ముక్కులు మూసికొననేల? ఈ పంక్తి ఆహారమును గూర్చినది కాదు. కులమును మతమును మర్యాదగా నడుగుట కిది మాఱుపేరు.

"బ్యాచిలర్లు అల్లరి చేయుదురు" అని మూడవవాదము. చేయువారు కలరు. అల్లరి చేసినవానిని ఖాళీచేయింపుడు. ఒప్పందపత్రము, అడ్వాన్సు, అసోసియేషను నియమములు ఉన్నవి అందులకే గదా. పుట్టుకచేతను పెండ్లికాకపోవుటచేతను ఎవడును అపరాధి కాడు. అల్లరిచేయు సంసారులను మేము నలువురిని చూపగలము.

"ఏ కులమువారు ఆ కులమునకు వసతులు కట్టుకొనవచ్చును గదా, పూర్వము హైదరాబాదులో నట్లే చేసిరి" అని నాల్గవవాదము. నిజమే. 1918లో రాజా బహదూర్ వేంకటరామిరెడ్డి గారి పూనికచే రెడ్డి హాస్టలు ఏర్పడినది. సురవరము ప్రతాపరెడ్డి వంటివారు దానికి సేవచేసిరి. ఇతరకులములవారును పిమ్మట అట్టివి స్థాపించిరి. పల్లెనుండి వచ్చిన తెలుగు బాలునకు నగరమున తలదాచుకొను చోటులేని దినములలో అవి తెఱచిన తలుపులు. మేము మాటాడుచున్నది మూసిన తలుపులను గూర్చి. ధర్మార్థము తెఱచిన తలుపును చూపి, లాభార్థము మూసిన తలుపును సమర్థించుట తగదు.

మన శాస్త్రములను ముందు పెట్టువారికి ఒక మాట. అతిథిని దేవునిగా చూడుమన్న బోధ తైత్తిరీయోపనిషత్తులోనిదని హోటళ్ల గోడలు చూచియైనను అందఱు నెఱుగుదురు. ఆ యుపనిషత్తునందే భృగువల్లిలో, వసతి గోరి వచ్చినవా నెవ్వనిని కాదనరాదనియు, దానిని వ్రతముగా పాటింపవలెననియు చెప్పబడియున్నది. అందు కులముచే మినహాయింపు లేదు. శ్లోకములు గోడకు వ్రాసికొని, అట్టముక్క గేటునకు వ్రేలాడదీయువారు రెండింటిలో నొకదానిని తీసివేయవలయును.

ఆచారము మార్పరానిది యందురా? సముద్రయానము పాతకమని మన తాతలు నమ్మిరి. దాటివచ్చినవానికి ప్రాయశ్చిత్తము విధించిరి. చేయనివానిని పంక్తినుండి లేపిరి. నేడు కొడుకు సముద్రము దాటుట తల్లిదండ్రులకు తపఃఫలము. చిలుకూరు బాలాజీ గుడిలో వీసాకై నూటయెనిమిది ప్రదక్షిణములు చేసి మ్రొక్కు తీర్చుకొందురు. ఈ మార్పు శాస్త్రచర్చవలన రాలేదు, డాలరువలన వచ్చినది. లాభము కనబడిన చోట ఆచారమును విడిచితిమి. పరునికి మాత్రమే నష్టము గల చోట దానిని గట్టిగా పట్టుకొంటిమి. కావుననే మేము హితబోధను నమ్ముట లేదు. కులమడిగినవానికి నష్టము కలిగినపుడు మాత్రమే ఈ ప్రశ్న పోవును. ఆ నష్టము కలిగింపవలసినది చట్టము.

మన చట్ట మేమనుచున్నది? రాజ్యాంగము 15వ అధికరణము రెండవ ఉపవిభాగము అంగళ్లు, భోజనశాలలు, హోటళ్లు, వినోదస్థలములు, బావులు, చెఱువులు, రహదారులలో ఈ భేదము చూపరాదన్నది. 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టము, అంటరానితనము కారణముగా ఒకని నివాసగృహమునకు అడ్డుపడుటను శిక్షార్హము చేసినది. కాని ఫోనులో "మాటాడి చెప్పెదము" అన్నదానిని న్యాయస్థానమున నిరూపించు టెట్లు? ముసల్మానునకును, ఒంటరి స్త్రీకిని, పెండ్లికానివానికిని ఆ చట్టమున రక్షణయే లేదు. 2005లో గుజరాతులోని యొక పారశీక గృహనిర్మాణ సంఘపు వ్యాజ్యమున సుప్రీంకోర్టు, సంఘము తన సభ్యత్వమును తన మతస్థులకే పరిమితము చేసికొనవచ్చునన్నది. 2021లో కేంద్రమంత్రివర్గ మామోదించిన మాదిరి అద్దెచట్టము, నివాసగృహములకు అడ్వాన్సు రెండునెలల యద్దెకు మించరాదన్నది. ఇల్లు ఏ కారణములచే నిరాకరింపరాదో చెప్పలేదు. ఫలిత మేమి? ఒక్క రాత్రికి గది యిచ్చు హోటలువాడు కులమడిగి త్రోసివేయరాదు. పదునొకండు నెలలకు గది యిచ్చు ఫ్లాటువాడు త్రోసివేయవచ్చును! పదునొకండు నెలల ఒప్పందమన్నది రిజిస్ట్రేషను తప్పించుకొనుటకు వెదకిన యుపాయము. రాజ్యాంగమును తప్పించుకొనుటకును అదియే యుపయోగించుచున్నది.

ఈ జబ్బు మనతోపాటు సముద్రమునుకూడ దాటినది. అమెరికాలో సియాటిల్ నగరసభ 2023 ఫిబ్రవరిలో కులవివక్షను నిషేధించుచు శాసనము చేసెను. ఉద్యోగముతోపాటు గృహవసతియు అందు కలదు. కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన యట్టి బిల్లును గవర్నరు ఆ యక్టోబరులో త్రోసిపుచ్చెను. ఉన్న చట్టములే చాలునని యాయన చెప్పిన కారణము. మన వలన పుట్టిన దోషమును గూర్చి పరదేశపు సభలు చర్చింపగా, ఆ దోషమునకు పుట్టినిల్లైన చోట చర్చయే లేదు.

మేము కోరునవి నాలుగు. మొదటిది: తెలంగాణ శాసనసభ, యజమాని నివసింపని యే గృహమును కులము, మతము, ఆహారము, వివాహము, స్త్రీత్వము అను కారణములచే అద్దెకు నిరాకరింపరాదని చట్టము చేయవలయును, బ్రోకరును, అసోసియేషనును కూడ అందు బాధ్యులను చేయవలయును. రెండవది: హాస్టలున నుండువానికి ముందు నోటీసు లేక ఖాళీచేయింపరాదను హక్కు వ్రాతమూలముగా ఈయవలయును, 2020 మార్చి మఱల రాగూడదు. మూడవది: ఈ ప్రాంతపు కంపెనీలు తమ కార్యాలయములలో వివక్ష లేదని గోడలకు వ్రాసికొనుచున్నవి, తమ యుద్యోగులకు ఇండ్లు చూపు బ్రోకర్లకును అదే నియమము పెట్టవలయును. నాల్గవది: ఫ్లాట్ల అసోసియేషనులు తమ నియమములనుండి బ్యాచిలర్లను, ఆహారమును గూర్చిన పంక్తులను కొట్టివేయవలయును.

చట్టము వచ్చువఱకు వేచియుండనక్కఱలేని పని యొకటి కలదు. ఈ పత్రికను చదువువారిలో కొండాపూరుననో నల్లగండ్లయందో ఫ్లాటు గలవారును, అట్టి ఫ్లాటుగల కొడుకులు కూతుండ్రు పరదేశములం దున్నవారును తప్పక కలరు. వారు ఈ నెలలోనే బ్రోకరునకు ఒక్క మాట వ్రాయవలయును: జీతపుకాగితము చూడుము, అడ్వాన్సు తీసికొనుము, కులము మాత్రము అడుగకుము; అడిగితివని తెలిసిన నీకు కమీషను లేదు. ఆ యుత్తరమునకు రూపాయి ఖర్చు లేదు. మియాపూరులో రేపు తెల్లవాఱుజామున బస్సు దిగువానికి దానివలన ఒక గది దొరకును.